యుద్ధగాయం ఎంత శాతం?

2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చనిపోయినవారిలో కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్‌నాయక్ సాయితేజ ఒకరు. పోయినవారి లెక్క తేలిగ్గానే తేలుతుంది. కార్గిల్ యుద్ధంలో 527 మంది. చిక్కంతా ఇంటికి తిరిగొచ్చినవారి లెక్కతోనే.

చేయో కాలో పోతే అందరికీ కనిపిస్తుంది. పుణెలో 1944 నుంచి సైన్యానికి కృత్రిమ అవయవాల కేంద్రం కూడా ఉంది. ఫిరంగుల మోతకు చెవిలో మొదలైన హోరు పక్కవాడికి వినిపించదు. మనసుకు తగిలిన దెబ్బయితే ఇంట్లోవాళ్లకూ అర్థం కాదు. అలాంటివాడు దీపావళి టపాసులు మొదలవగానే తలుపులేసుకుని కూర్చుంటాడు, అర్ధరాత్రి చెమటలు పట్టి లేస్తాడు, చిన్న మాటకే విరుచుకుపడతాడు. ఊరు మాత్రం 'మిలిటరీ కోపం' అని నవ్వేస్తుంది. అమెరికాలో వియత్నాం యుద్ధం ముగిసి పదేళ్లు దాటాక సర్వే చేస్తే, అక్కడ పోరాడి వచ్చిన మగవారిలో 100కి 15 మందికి అప్పటికీ ఈ జబ్బు ఉంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాని బారిన పడినవారు 30 మందికి పైగా. దీనికి పీటీఎస్‌డీ అన్న పేరు వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది 1980లోనే.

మన దగ్గర వైకల్య పింఛను మెడికల్ బోర్డు వేసే శాతాన్ని బట్టి ఉంటుంది. 20 శాతం లోపైతే మామూలుగా ఆ పింఛనులో వైకల్య భాగం రాదు. 100 శాతమైతే ఆఖరి జీతంలో 30 శాతం. అదే వైకల్యం శత్రువుతో పోరులో వచ్చి ఉద్యోగం నుంచి పంపేస్తే, జీతమంతా యుద్ధగాయం భాగంగా వస్తుంది. అంటే బోర్డు కాగితంలో కారణం గడిలో రాసిన ఒక్క మాటకు మూడు రెట్లకు పైగా తేడా!

ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయికి 9 ఏళ్ల సర్వీసులో మూర్ఛ వచ్చింది. 20 శాతం వైకల్యంతో 1994లో ఇంటికి పంపారు, జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని పింఛను కాదన్నారు. చేరేటప్పుడు రికార్డులో రాయని జబ్బు తర్వాత వచ్చి ఇంటికి పంపిస్తే, అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలి, కాదని నిరూపించాల్సింది యాజమాన్యమేనని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. గెలిచాడు సరే, 19 ఏళ్లు ఎవరిస్తారు?

కాబట్టి సర్వీసులో ఉన్న పిల్లలకు ఒక్క మాట. నిద్ర పట్టకపోయినా, చెవి హోరెత్తినా వెంటనే యూనిట్ వైద్యుణ్ని చూసే ఎం.ఐ.రూముకు వెళ్లి రాయించుకోండి, ఆ కాగితం నకలు దాచుకోండి. ఇంటికొచ్చేసినవారు, వాళ్ల భార్యలు మానసిక ఆరోగ్య సాయం కోసం 14416కు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.