ఓడ ఎక్కే ముందు చూపే పత్రాలు: ఏది ఎవరిని కాపాడుతుంది?

జంషెడ్‌పూర్‌కు సముద్రం లేదు. అయినా ఓడరేవులు మరీ దూరమేమీ కాదు. టాటానగర్‌లో రైలెక్కితే నాలుగైదు గంటల్లో హౌరా చేరుకోవచ్చు. విశాఖపట్నానికి ఇంచుమించు ఒక రాత్రి ప్రయాణం. ఉక్కు కర్మాగారంలో పనికోసం తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు విశాఖ దారి కొత్తది కాదు. 2022 జూన్‌లో కార్డెలియా సంస్థ ఓడ ‘ఎంప్రెస్’ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహారయాత్రలు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో విశాఖ ఓడరేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఉద్యోగ విరమణ చేసిన తల్లిదండ్రులను ఓడలో తిప్పి తీసుకొద్దామనే ఆలోచన ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలోనూ వినబడుతోంది.

ఆ ఆలోచన వెంటే మరో ప్రశ్న వస్తుంది. టీకా ధ్రువపత్రం కావాలా? పరీక్ష చేయించుకోవాలా? కోవిడ్ కాలంలో ఈ రెండూ లేనిదే చాలా ఓడల్లో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఇప్పుడు చాలా సంస్థలు వాటిని అడగడం మానేశాయి. మరోవైపు, కొన్ని దేశాల రేవులను తాకి వచ్చేవారికి ఇంకో టీకా పత్రం నేటికీ తప్పనిసరి. నిబంధనలు మారుతూ ఉంటాయి గానీ వాటి వెనుక ఉన్న శాస్త్రం మారలేదు. ఏ పత్రాన్ని చూసినా రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది ఎవరిని కాపాడుతుంది? ఎంతకాలం కాపాడుతుంది?

ఓడలో అంటువ్యాధికి అంత వేగం ఎందుకు?

వేల మంది ఒకే చోట రోజుల తరబడి నిద్రపోతారు, ఒకే భోజనశాలలో తింటారు, ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతారు. విమానంలో ఈ సహవాసం గంటల్లో ముగుస్తుంది. ఓడలో వారం సాగుతుంది. యాత్ర ముగిశాక ప్రయాణికులు దిగిపోతారు గానీ సిబ్బంది అక్కడే ఉంటారు. ఒక యాత్రలో వచ్చిన వైరస్ వారి ద్వారా తర్వాతి యాత్రకు చేరవచ్చు.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపివేసిన ‘డైమండ్ ప్రిన్సెస్’ ఈ సంగతిని ప్రపంచానికి చూపింది. ఆ ఓడలోని 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకింది. అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి. పదిమందికి పైగా మరణించారు. ఓడలో 138 మంది భారతీయులుంటే వారిలో 132 మంది సిబ్బందే. 16 మంది భారతీయులకు వైరస్ సోకగా, 119 మందిని ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానంలో ఢిల్లీకి తీసుకొచ్చారు.

ఆ ఓడలో వైరస్ బయటపడిన వారిలో ఇంచుమించు సగం మందికి పరీక్ష సమయానికి ఏ లక్షణమూ లేదు. జ్వరం చూసే యంత్రాన్ని నుదుటికి ఎదురుగా పెడితే వీరంతా ‘ఆరోగ్యవంతులే’. లక్షణాలు చూసి ఆపడం చాలదని తేలింది కాబట్టే టీకా, పరీక్ష పత్రాల అవసరం వచ్చింది.

టీకా పత్రం: ముందుగా మీ కోసమే

కోవిడ్ టీకా శరీరానికి రెండు రకాల రక్షణ ఇస్తుంది. ఒకటి, వైరస్ సోకకుండా అడ్డుకోవడం. రక్తంలోని యాంటీబాడీలు చేసే ఈ పని కొన్ని నెలల్లో బలహీనపడుతుంది. కొత్త వేరియంట్లు వస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. రెండోది, సోకినా జబ్బు ముదరకుండా చూడడం. ఇందులో జ్ఞాపకశక్తి గల రోగనిరోధక కణాలకూ పాత్ర ఉంది. ఈ రక్షణ ఎక్కువకాలం నిలుస్తుంది.

2022 నవంబరులో ‘మెజెస్టిక్ ప్రిన్సెస్’ ఓడ సిడ్నీ చేరేసరికి అందులోని దాదాపు 4,600 మందిలో సుమారు 800 మందికి కోవిడ్ ఉంది. ప్రయాణికుల్లో అత్యధికులు టీకా వేసుకున్నవారే. సోకినవారి నిష్పత్తి డైమండ్ ప్రిన్సెస్‌కు దగ్గరగానే ఉన్నా, ఈసారి ఎక్కువ మందికి లక్షణాలు స్వల్పం, లేదా అసలు లేవు. ఈ తేడా అంతా టీకా వల్లేనని చెప్పలేం. వేరియంట్ మారింది, ముందే ఒకసారి సోకి తగ్గినవారూ ఉన్నారు. కానీ టీకా పాత్ర పెద్దదే.

నడిసముద్రంలో ఇది చిన్న విషయం కాదు. ఓడలో ఉండేది చిన్న వైద్యశాల. జంషెడ్‌పూర్‌లోలాగా అరగంటలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లే వీలు అక్కడ ఉండదు. అందుకే సంస్థ అడగకపోయినా అరవై దాటినవారు, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు తమ టీకాల గురించి బయలుదేరే ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఈ పత్రం ‘నా నుంచి ఎవరికీ సోకదు’ అనే హామీ మాత్రం కాదు.

పరీక్ష నివేదిక: ఆ గంట వరకే

నెగెటివ్ నివేదిక పక్కవారిని కాపాడడానికి. కానీ దాని ఆయుష్షు చాలా తక్కువ. ముక్కులోంచి నమూనా తీసిన క్షణంలో వైరస్ పట్టుబడే స్థాయిలో లేదని మాత్రమే అది చెబుతుంది. ఆ తర్వాత రైలు పెట్టెలో, హోటల్లో ఏం జరిగిందో దానికి తెలియదు.

నమూనా తీసే ముందే సోకి ఉన్నా చిక్కే. వైరస్ శరీరంలోకి చేరాక అది పెరగడానికి సమయం పడుతుంది. 2020లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అప్పటి అధ్యయనాలను కలిపి వేసిన అంచనా ప్రకారం, సోకిన మొదటి రోజు ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష దాదాపు ఎవరినీ పట్టుకోలేదు. నాలుగో రోజుకు కూడా 67 శాతం మందికి తప్పుగా నెగెటివ్ వస్తుంది. లక్షణాలు మొదలయ్యే అయిదో రోజుకు అది 38 శాతానికి, ఎనిమిదో రోజుకు 20 శాతానికి తగ్గుతుంది.

ఒక ఊహాజనిత ఓడతో లెక్క వేద్దాం. 2,000 మంది ప్రయాణికులు. నూటికి ఒకరికి వైరస్ ఉందనుకుంటే మొత్తం 20 మంది. పరీక్ష ప్రతి నలుగురిలో ముగ్గురిని పట్టుకుంటుందనుకుందాం. 15 మంది రేవులోనే ఆగిపోతారు, 5 మంది నెగెటివ్ నివేదికతో ఓడ ఎక్కుతారు. ముప్పు నాలుగో వంతుకు తగ్గింది. అది తక్కువ ప్రయోజనమేమీ కాదు. మరి ఇరవై మందీ పట్టుబడే అవకాశం ఎంత? 0.75ను ఇరవైసార్లు గుణిస్తే సుమారు 0.003 వస్తుంది. అంటే అలాంటి వెయ్యి ఓడల్లో దాదాపు మూడు మాత్రమే పూర్తిగా వైరస్ లేకుండా బయలుదేరతాయి.

మన తీరంలోనే ఇలాంటి ఘటన జరిగింది. 2022 జనవరి మొదటి వారంలో ముంబై నుంచి గోవా చేరిన కార్డెలియా ఓడలో సిబ్బందిలో ఒకరికి కోవిడ్ ఉన్నట్టు తేలింది. ఓడలోని దాదాపు 2,000 మందికి పరీక్షలు చేస్తే 66 మందికి పాజిటివ్ వచ్చింది. ఓడ తిరిగి ముంబై వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి ప్రయాణ పత్రాలు చూపడం మామూలు సంగతే.

అందుకే బయలుదేరడానికి 72 గంటల ముందు చేసే ఒక్క పరీక్షకన్నా ఓడ ఎక్కే రోజున, మళ్లీ రెండు మూడు రోజుల తర్వాత చేసే పరీక్షలు ఎక్కువ ఉపయోగం. మొదటిసారి తప్పించుకున్నవారు రెండోసారి దొరుకుతారు.

పసుపు కార్డు: మన ఊరి కోసం

ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల్లో ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరం ఉంది. భారతదేశంలో ఇది ఎప్పుడూ నమోదు కాలేదు. కానీ దాన్ని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ ఇక్కడ పుష్కలంగా ఉంది. డెంగ్యూను మోసేదీ అదే. 2023 వర్షాకాలంలో డెంగ్యూతో అవస్థపడిన జంషెడ్‌పూర్‌కు ఆ దోమ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎల్లో ఫీవర్ వైరస్ రక్తంలో ఉన్న ఒక్క ప్రయాణికుడిని ఇక్కడి దోమ కుడితే, ఈ జబ్బును ఎన్నడూ ఎరగని జనాభాలోకి అది అడుగు పెట్టవచ్చు.

అందువల్లే ఆ దేశాల నుంచి ఆరు రోజుల్లోపు భారత్ చేరేవారు టీకా కార్డు చూపాలి. లేకపోతే క్వారంటైన్‌లో ఉండాలి. ఆరు రోజులే ఎందుకంటే, సోకాక జబ్బు బయటపడడానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఓడలకు మరో నిబంధన ఉంది. భారత్ చేరడానికి ముందు 30 రోజుల్లో ఆ దేశాల రేవును తాకిన ఓడలో వచ్చేవారికీ ఇది వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఓడలో దోమల నిర్మూలన జరిగి ఉంటే మినహాయింపు ఉంటుంది.

టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. శరీరంలో రక్షణ తయారు కావడానికి పట్టే సమయం అది. ఆ తర్వాత జీవితాంతం చెల్లుబాటవుతుంది. ఈ మార్పు 2016 జూలై 11 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసే టీకా. కాబట్టి గుడ్డు అలర్జీ ఉన్నవారు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ముందుగా డాక్టరును అడగాలి.

పత్రం అసలుదేనా?

కోవిన్ ధ్రువపత్రం మీది క్యూఆర్ కోడ్‌లో పేరు, టీకా వివరాలతో పాటు డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం చేసే రహస్య తాళంచెవి జారీ చేసిన సంస్థ దగ్గరే ఉంటుంది. సరిచూసే తాళంచెవి మాత్రం అందరికీ అందుబాటులో ఉంటుంది. పేరులో ఒక్క అక్షరం మార్చినా సంతకం పొసగదు, నకిలీ దొరికిపోతుంది.

పత్రం అసలుదైనా అవతలి దేశం గుర్తిస్తేనే చెల్లుతుంది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 3న అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది. అంతవరకు ఆ టీకా వేసుకున్నవారిని చాలా దేశాలు టీకా వేసుకోనివారిగానే చూశాయి. నవంబరు 2న, 4న వారి శరీరంలోని రక్షణ ఒక్కటే. మారింది గుర్తింపు మాత్రమే.

ఏ పత్రమూ ఆపలేని జబ్బు

ఓడల్లో తరచుగా విజృంభించేది నోరోవైరస్. వాంతులు, విరేచనాలు దీని లక్షణాలు. దీనికి ఇంకా టీకా అందుబాటులోకి రాలేదు, బయలుదేరే ముందు పరీక్షా ఉండదు. అతి కొద్ది వైరస్ కణాలు చాలు సోకడానికి. చేతికి రాసుకునే శానిటైజర్ దీనిపై సరిగ్గా పనిచేయదు. సబ్బుతో, పారే నీటితో కడుక్కోవడమే మేలు.

బయలుదేరే ముందు

- టికెట్ కొనేముందు ఓడ సంస్థ నిబంధనలతో పాటు, ఓడ ఆగే ప్రతి దేశం నిబంధనలూ చూడండి. తిరిగొచ్చేటప్పుడు భారత్ ఏం అడుగుతుందో కూడా చూడండి.
- ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. కోల్‌కతా, విశాఖపట్నంలలోని పోర్ట్ హెల్త్ కార్యాలయాలు వీటిలో ఉన్నాయి. ముందుగా ఫోన్ చేసి రోజు, సమయం కనుక్కోండి. పది రోజుల గడువు కలుపుకొని కనీసం మూడు వారాల ముందే పని మొదలుపెట్టండి.
- పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండడం మన తెలుగువారికి తరచూ ఎదురయ్యే ఇబ్బంది.
- జ్వరం, దగ్గు, విరేచనాలు ఉంటే నివేదిక నెగెటివ్ అయినా ప్రయాణం వాయిదా వేయండి.
- తిరిగొచ్చాక రెండు వారాల్లో జ్వరం వస్తే, ఏ ఓడలో ఏయే రేవులకు వెళ్లారో డాక్టరుకు మొదటే చెప్పండి. దోమతెర కట్టుకుని పడుకోండి. మీరు తెచ్చుకున్నది డెంగ్యూ అయినా, మరొకటైనా, మీ వీధిలోని దోమకు అది అందకూడదు.