సూది గుచ్చకుండా నెత్తుటి లెక్క

సూర్యుడికి వీపు తిప్పి, మబ్బు లేని నీలాకాశంలోకి కాసేపు చూడండి. సన్నటి మెరుపు చుక్కలు వంకర దారుల్లో పరుగెడతాయి. చూపు దోషం కాదది. మీ రెటీనా కేశనాళికల్లో పోతున్న తెల్ల రక్తకణాల జాడ. నీలి వెలుగును ఎర్రకణాలు మింగేస్తాయి, తెల్లకణం దాటనిస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చుక్కల జోరు పెరగడమూ పట్టిచూస్తే తెలుస్తుంది.

కోత లేకుండా లోపలి రక్తనాళాలు ఇంత తేటగా కనబడే చోటు రెటీనా తప్ప ఒంట్లో మరొకటి లేదు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే తన సాధనం ఆఫ్తాల్మోస్కోపు గురించి ప్రచురించినప్పటి నుంచీ డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. అయితే చూడటం వేరు, కొలవడం వేరు. ధమని వెడల్పు సిరలో సుమారు మూడింట రెండు వంతులుండాలని పాత లెక్క. బీపీ ముదిరితే ధమని సన్నబడుతుంది. ఎంత సన్నబడిందంటే మాత్రం ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పేవారు.

మరీ సన్న నాళాలు చూడాలంటే ఒకప్పుడు సూది తప్పేది కాదు. అమెరికాలోని ఇండియానాలో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు చేతి నరంలోకి ఫ్లోరెసిన్ రంగు ఎక్కించి రెటీనాను ఫొటో తీశారు. కంటి వైద్యుల పత్రిక వద్దన్న ఆ వ్యాసాన్ని 1961లో గుండె వైద్యుల పత్రిక 'సర్క్యులేషన్' వేసుకుంది. పరీక్ష బాగా పనికొచ్చింది. కాకపోతే రోగి ఒళ్లు పసుపెక్కుతుంది, కొందరికి వాంతి వస్తుంది.

ఇప్పటి ఓసీటీ యాంజియోగ్రఫీ అనే సూది లేని పరీక్షలో గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తగిలించి, లోపలి గుర్తును చూస్తూ కూర్చుంటే చాలు. కంటికి ఆనని పరారుణ కాంతి ఒకే చోటును మిల్లీసెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తుంది. కణజాలం కదలదు, రక్తం కదులుతుంది. స్కాన్‌కూ స్కాన్‌కూ మారినదంతా ప్రవాహమే. ఆ తేడాలతోనే పటం తయారవుతుంది, వెంట్రుకలో పదో వంతు మందముండే కేశనాళికలతో సహా. నడిమధ్యన నాళాలే లేని చిన్న ఖాళీ ఒకటుంటుంది, అడ్డంగా సుమారు అర మిల్లీమీటరు. షుగరున్న కొందరిలో మామూలు ఫొటో అంతా బాగుందన్నప్పుడే ఈ ఖాళీ పెరిగి, అంచులు చిరిగినట్టు కనబడతాయి. 2023 నాటి ఐసీఎంఆర్ అంచనా ప్రకారం దేశంలో షుగరు రోగులు 10 కోట్లు దాటారు. మనకు ఈ కొలత ఎంత అవసరమో వేరే చెప్పాలా!

అలాగని రిపోర్టులో అంకె కనబడగానే బెంగపడొద్దు, సంబరపడొద్దు. యంత్రం కన్ను పొడవును సుమారు 24 మిల్లీమీటర్లుగా అనుకుని లెక్కిస్తుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ల కన్ను సాధారణంగా అంతకంటే పొడుగు. సవరించకపోతే ఆ ఖాళీ అసలు కంటే చిన్నదిగా పడుతుంది. రెప్ప ఆర్పితే పటంలో నల్లగీత. ఒక కంపెనీ యంత్రం అంకెను మరో దాని అంకెతో పోల్చడం కుదరదు. కాబట్టి వీలైతే ప్రతిసారీ ఒకే యంత్రం మీద తీయించుకుని, పాత రిపోర్టు వెంట తీసుకెళ్లాలి. మరీ నెమ్మదిగా పారే రక్తం ఈ పటానికి అందదు. నాళం నుంచి ద్రవం కారుతుంటే అదీ ఇందులో కనబడదు. ఆ అనుమానమొస్తే డాక్టర్లు ఇప్పటికీ ఫ్లోరెసిన్ సూదే రాస్తారు.