చల్లటి నీరు ఎంత ఎత్తుకెక్కాలి?

"మెకానికల్ చదివిన అక్కకి బిల్డింగుల దగ్గర పనేమిటి తాతయ్యా?" అని అడిగావు. మంచి ప్రశ్నేరా చిన్నోడా. అక్క చేరబోయేది దుబాయ్‌లో, ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) వాళ్ల దగ్గర, సీనియర్ మెకానికల్ డిజైన్ ఇంజనీరుగా. స్తంభాలూ గోడలూ వేరేవాళ్లు చూసుకుంటారు. లోపల తిరిగే గాలి, నీరు, వేడి మీ అక్క బాధ్యత.

ఏసీ పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితం కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు ఉండేది. తడిగాలికి కాగితం సాగిపోయి, రంగు మీద రంగు సరిగ్గా పడేది కాదు. అప్పటికి పాతికేళ్లవాడైన విల్లిస్ క్యారియర్, చల్లటి గొట్టాల మీదుగా గాలిని నడిపించి అందులోని తేమని లాగేసే ఏర్పాటు గీశాడు. ఇవాళ్టికీ అసలు కిటుకు అదే. గదిలో గాలి 24 డిగ్రీల్లో, 50 శాతం తేమతో ఉందనుకో. దాన్ని 13 డిగ్రీల దాకా దించితే గానీ బొట్టు కట్టడం మొదలవదు. అందుకే గొట్టాల్లోకి మామూలుగా 6, 7 డిగ్రీల నీళ్లు పంపుతారు. ఆ నీళ్లు అక్కడికి చేరేసరికే ఓ నాలుగు డిగ్రీలు వేడెక్కాయా, గది చల్లబడినట్టే ఉంటుంది, ఉక్క మాత్రం పోదు.

ఇప్పుడు ఎత్తు సంగతి. పది మీటర్ల నీటి నిలువు దాదాపు ఒక బార్ ఒత్తిడి తెస్తుంది. మీ అమ్మ కుక్కర్ విజిల్ వేసేది ఇంచుమించు అంత అదనపు ఒత్తిడికే. అదే అరకిలోమీటరు ఎత్తుకి ఒకే గొట్టంలో నీళ్లు నింపితే, అడుగున ఆ కుక్కర్ ఒత్తిడికి యాభై రెట్లు! మామూలు వాల్వులు 16, 25 బార్లకే చేస్తారు.

దీనికి మార్గం, భవనాన్ని ముక్కలు చేసుకోవడం. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో సుమారు ముప్ఫై అంతస్తులకొకటి చొప్పున, రెండంతస్తుల ఎత్తున, మెకానికల్ ఫ్లోర్లు ఉంటాయి. ఇలాంటి ఎత్తైన భవనాల్లో కింది నీరూ పై నీరూ కలవకుండా, మధ్యలో పలుచటి స్టీలు రేకులు పెడతారు. వేడి మాత్రం రేకు దాటుతుంది, ఒత్తిడి దాటదు. అయితే దాటిన ప్రతిసారీ ఒక డిగ్రీ చల్లదనం పోయినట్టే. ఎక్కువ ముక్కలు చేస్తే పై అంతస్తులవాళ్లకి ఉక్క, తక్కువ చేస్తే కింద వాల్వులకి ముప్పు. ఎక్కడ తెంచాలో గొట్టం బిగించకముందే తేల్చి, డ్రాయింగు మీద సంతకం పెట్టేవాళ్లే సీనియర్లు. నాకైతే అది ఎంతో గౌరవించదగ్గ పని.

ఆ బుర్జ్ ఖలీఫా గాలిలోంచి ఏటా పిండే నీరెంతో తెలుసా? సుమారు 1.5 కోట్ల గ్యాలన్లు! పోగుచేసి తోటలకి పోస్తారు.

ఈ నీటిని బయటికి పంపే చిన్న గొట్టం కూడా అక్క లెక్కలోదే. ఫ్యాను గాలిని లోపలికి పీల్చుతుంటే, తిన్నగా పెట్టిన గొట్టంలోంచి నీరు సరిగ్గా దిగదు, ఆ నీరు పట్టే ట్రే నిండి సీలింగు తడుస్తుంది. అందుకని గొట్టాన్ని కిందికి వంచి, ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచేలా చేస్తారు. ఆ వంపు ఎంత లోతుండాలన్నది ఫ్యాను పీల్పుని బట్టి లెక్కకట్టాలి.