కొట్టుగదిలో కిటికీ

ప్రతి ఇంట్లోనూ ‘ఆ గది’ అని ఒకటి వుంటుంది. ఇల్లు కట్టేటప్పుడు దానికి గొప్ప పేరే పెడతారు, చదువుకునే గది అనో, ఆఫీసు గది అనో. గృహప్రవేశమైన ఆర్నెల్లకు అందులోకి కాలు విరిగిన కుర్చీ ఒకటి చేరుతుంది. “బాగుచేయించేదాకా అక్కడ వుండనీ” అంటారు. దాని వెనకాలే టీవీ వచ్చిన అట్టపెట్టె, పాడయిన స్టెబిలైజరు, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన స్టీలు గిన్నెలు, ఏ ఫోనుదో తెలియని చార్జర్లు, అయిదేళ్ళనాటి శుభలేఖలు వరసకట్టి దిగుతాయి. చివరకు ఆ గదిలోకి వెళ్ళాలంటే మనిషి పక్కకు తిరిగి నడవాలి.

కథ రాయాలనో, బొమ్మ వెయ్యాలనో కోరిక వుండి, చోటులేక వూరుకున్న మనిషి కూడా ప్రతి ఇంట్లోనూ ఒకరైనా వుంటారు. వాళ్ళు నోరు తెరిచి అడగరు. అడిగినా, “డైనింగు టేబులు వుందిగా!” అంటాం. డైనింగు టేబులుమీద మొదలుపెట్టిన కథ చారుగిన్నె వచ్చేలోగా పూర్తికావాలి మరి!

అల్లసాని పెద్దనగారి పేరుమీద ఒక చాటుపద్యం చెలామణీలో వుంది. కవిత్వం చెప్పాలంటే ఏమేం కావాలో అందులో ఏకరువు పెట్టారు: కర్పూర తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఊయలమంచం, తప్పొప్పులు తెలిసిన రసికులు, మంచి లేఖకులు, పాఠకులు. క్లాసులో ఈ పద్యం చెప్పినప్పుడల్లా పిల్లలు తాంబూలం తెచ్చే అమ్మాయి దగ్గర నవ్వుతారు. నా దృష్టి మాత్రం జాబితాలో మొట్టమొదటిదాని మీదే ఆగుతుంది. అది ఎవరూ కదపని చోటు. రాయలవారి కొలువులోని కవికే ముందు చోటు కావలసివస్తే, మూడుగదుల ఇంట్లో కాపురాలు చేసే మనబోటివాళ్ళ సంగతి వేరే చెప్పాలా? ఆడది కథలు రాయాలంటే చేతిలో కాస్త డబ్బు, తనకంటూ ఒక గది వుండాలని ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ 1929లో ఏకంగా పుస్తకమే వేసింది. గది మొత్తం నాకే కావాలనే పేరాశ నాకు లేదు. ఒక బల్ల చాలు.

మా ‘ఆ గది’ వీధివైపున వుంది. పదడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడుగు. దానికి ఉత్తరపు కిటికీ వుందన్న సంగతి, మొన్న వేసవి సెలవుల్లో బీరువా జరిపేదాకా మా అమ్మాయికి తెలియనే తెలియదు! చిత్రకారులు ఉత్తరపు వెలుతురును కోరుకుంటారు. నేరుగా ఎండ పడదు గనుక వెలుగు పూట పూటకూ మారిపోకుండా వుంటుంది. మే నెలాఖరులోనూ జూన్‌లోనూ మాత్రం పొద్దున సాయంత్రం కాస్త ఏటవాలు ఎండ తగులుతుంది. దానికి ఒక పల్చని తెర చాలు.

సర్దే పద్ధతి విషయంలో నాదొక పట్టుదల. గదిలోనే కూర్చుని సర్దకూడదు. ఉన్నదంతా ఒక్కరోజులో హాల్లోకి తెచ్చి పొయ్యాలి. ఇక్కడి సామాను అక్కడ, అక్కడిది ఇక్కడ పెడుతూ కూర్చుంటే సాయంత్రానికి నడుంనొప్పి తప్ప మరేమీ మిగలదు. ముందుగానే బజారుకు పోయి ప్లాస్టిక్ డబ్బాలు కొని తెచ్చేవాళ్ళు కొందరున్నారు. అది చెత్తకు కొత్త ఇల్లు కట్టి ఇవ్వడమే.

గిన్నెలు, పెట్టెలు రెండు గంటల్లో తేలిపోయాయి. కాగితాల దగ్గరే పేచీ. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విప్పి, వరసగా కుట్టించి బైండు చేయించుకోవడం మన ఇళ్ళలో ఒక ముచ్చట. అలాంటివి మావారివి పదకొండు వున్నాయి. ఒక్కదానిమీద కూడా చెయ్యి వెయ్యనివ్వలేదు. రెండేసి ప్రతులున్న పుస్తకాలు గ్రంథాలయానికి వెళ్ళాయి. మిగిలినవాటిని నీడలో ఆరబెట్టి దులిపాం. ఎండలో పరిస్తే కాగితం పెళుసెక్కుతుంది. పుస్తకాల బీరువాను గోడకు ఆనించకుండా నాలుగంగుళాలు ఎడంగా నిలబెట్టాం. చెమ్మా చెదలూ వచ్చేది గోడలోంచే. కలరా ఉండలు మాత్రం వద్దన్నాను. ఆ వాసనలో గంటసేపు కూర్చుని రాయడం ఎవరివల్లా కాదు.

చేతిరాత కాగితాలను తూకానికి వెయ్యకూడదన్నది నా రెండో పట్టుదల. గురజాడ 1915లో పోయారు. ఆయన డైరీలనూ ఉత్తరాలనూ పాతకాగితాలని ఎవరైనా అమ్మేసివుంటే ఆయన గురించి మనకు తెలిసినదాంట్లో ఎంత పోయేదో! మన ఇంట్లో గురజాడలు లేరు నిజమే. అయినా అందాకా వచ్చాక చూసుకోవాలి కదా, ఏముందో!

గది మూలన మా అత్తగారి ఇనపపెట్టె వుంది. దాన్ని ఆవిడ లేకుండా ఎవరూ తెరవలేదు. ఆవిడే వచ్చి పీటమీద కూర్చుని తాళం తీశారు. పట్టుచీరల అడుగున నాలుగు పాలలెక్కల పుస్తకాలు. తిరగేస్తే లెక్కల వెనకవైపు పేజీలనిండా ముగ్గులు! పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందుచుక్క. పక్కన పెన్సిలుతో ఏ సంక్రాంతికి ఏది వేశారో, పొరుగువాళ్ళెవరు మెచ్చుకున్నారో, మెలిక ఎక్కడ తప్పిందో. కొన్ని ముగ్గులు ఎవరి దగ్గరా నేర్చుకున్నవి కావట, తానే కట్టుకున్నవి.

“వీటినేం చేద్దాం అత్తయ్యా?” అన్నాను.

“నేను పోయాక పారేద్దువుగానిలే అమ్మాయ్.”

“ఉన్నప్పుడు ఎక్కడ పెట్టుకుంటారో చెప్పండి.”

ఆవిడ చాలాసేపు పుస్తకం అట్టను కొంగుతో తుడుస్తూ కూర్చున్నారు. తరవాత కిటికీవైపు చూశారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్నారు. ఆ కిటికీ కింద నా బల్ల వేసుకోవాలని నేను నెలరోజులుగా కొలతలు తీస్తున్న సంగతి ఆవిడకూ తెలుసు. “వెలుతురు బాగుంది” అన్నారంతే.

కిటికీ ఆవిడకు వెళ్ళింది. నాకు కష్టంగా లేదంటే అబద్ధం. మా పాత ఇంటి తలుపురెక్క ఒకటి వృథాగా పడివుంటే వడ్రంగి దానికి కాళ్ళు బిగించి రెండున్నర అడుగుల ఎత్తున బల్ల చేసిపెట్టాడు. అది తూర్పుగోడ దగ్గర పట్టింది. కుడిచేత్తో రాసేవాళ్ళకు దీపం ఎడమవైపు వుండాలి, లేకపోతే చేతినీడ కాగితంమీద పడుతుంది. ఆ ఏర్పాటు చేసుకున్నాను. గోడలకు పాలతెలుపు రంగు వేయించాం, మెరుపు లేనిది. ఎదురుగోడ ఖాళీగా వదిలేశాం. “కాలెండరైనా తగిలించండి” అని వచ్చినవాళ్ళంతా అంటూనే వున్నారు.

అత్తగారు చదరాల కాగితాల పుస్తకం తెప్పించుకుని పాత ముగ్గులన్నీ మళ్ళీ ఎక్కిస్తున్నారు. నలభై దాటాయి. మధ్యమధ్య మా అమ్మాయిని పిలిచి చుక్కలు లెక్కపెట్టిస్తారు. వాళ్ళిద్దరి మాటలవల్ల నా రాత సాగడంలేదని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఆదివారం మధ్యాహ్నాలు గది నాకు వదిలెయ్యాలని ఒప్పందం కుదిరింది.