సబర్ అంటే మౌనం కాదు

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ప్రజల బాగోగులు తెలుసుకోవడానికి రాత్రివేళ మదీనా వీధుల్లో తిరుగుతుండేవారు. ఒక రాత్రి ఒక ఇంట్లోంచి స్త్రీ గొంతు వినిపించింది. యుద్ధానికి వెళ్ళి నెలలు గడిచినా తిరిగిరాని భర్తను తలచుకుని ఆమె ఒంటరిగా పాడుకుంటోంది. ఉమర్ (రజి) ఆమెను గద్దించలేదు. ఓర్చుకోమని నీతి చెప్పలేదు. నేరుగా తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) దగ్గరికి వెళ్ళి, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఉండగలదని అడిగారు. ఆమె చెప్పిన జవాబు నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాల్లో, ఆరు నెలలని మరికొన్నింటిలో ఉంది. ఆ తర్వాత సైనికులెవరినీ అంతకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఉత్తరువు పంపారు.

ఆర్మూరు వెళ్ళినప్పుడల్లా మాకు ఈ సంఘటన గుర్తుకొస్తుంది. పసుపు రోజుల్లో ఆ ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది. చేలలో కొమ్ములు ఉడుకుతుంటాయి, కళ్ళాల్లో పచ్చగా ఆరుతుంటాయి. అయితే ఇక్కడి ఇళ్ళలో పొయ్యి వెలిగించింది పసుపు ఒక్కటే కాదు. సౌదీ, దుబాయి, కువైట్, ఖతర్, మస్కట్‌ల చెమట కూడా. ఏజెంటుకు అప్పు చేసి కట్టిన డబ్బు, రెండేళ్ళకొకసారి సెలవు, మళ్ళీ విమానం. ఆ స్త్రీకి కొన్ని నెలలు బరువయ్యాయి. మన ఇళ్ళలో అది పదేళ్ళు, పదిహేనేళ్ళు. మరి మన ఇళ్ళలోంచి వచ్చే గొంతును వింటున్నదెవరు?

ఇంటికొచ్చిన మెహమాన్

ఒక ఇంటి సంగతి చెబుతాం. పేర్లు అక్కర్లేదు. ఇది ఏ ఒక్కరి కథా కాదు. పది ఇళ్ళలో కనిపించేవాటిని ఒక ఇంటికి చేర్చి చెబుతున్నాం.

పద్నాలుగేళ్ళు సౌదీలో ఉండి ఆ ఇంటి యజమాని శాశ్వతంగా తిరిగొచ్చాడు. అప్పు తీరింది, స్లాబు ఇల్లు లేచింది. నెల రోజులు ఈద్‌లా గడిచాయి. మూడో నెలలో భార్యకు రాత్రిళ్ళు గుండె దడ మొదలైంది. ఈసీజీ తీయించారు, బాగానే ఉంది. గ్లూకోజు ఎక్కించారు. నజర్ తగిలిందని ఎవరో అంటే తావీజు కట్టించారు. దడ తగ్గలేదు. తొమ్మిదేళ్ళ కూతురు తండ్రిని అడగాల్సిందేదైనా తల్లి చేత అడిగిస్తుంది. పదిహేనేళ్ళ కొడుకు ఆయన గదిలోకి వస్తే లేచి బయటికి పోతాడు. ఆయన తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడు, ఇంకా డ్యూటీకి బస్సు వస్తుందన్నట్లు. ఒకరోజు అన్నం ముందు నుంచి లేచిపోతూ అన్నాడు: "నా ఇంట్లో నేనే మెహమాన్‌నా?"

అత్తగారు కోడలితో అంది: "మగడు ఇంటికొచ్చాడు. ఇంకేం తక్కువైందమ్మా నీకు? సబర్ చెయ్యి."

తక్కువైంది డబ్బు కాదు, ప్రేమా కాదు. కలిసి గడపని పద్నాలుగేళ్ళు. వాటి గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

1980లలో, 90లలో మనవాళ్ళు క్యాసెట్టులో గొంతు నింపి, సెలవుపై వెళ్ళేవారి చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని వినేవారు. తర్వాత ఐఎస్‌డీ బూతులొచ్చాయి. ఇప్పుడు సెల్‌ఫోనులో రోజూ ముఖం చూసుకునే వీలుంది. సాధనం మారినా మాట మారలేదు. ఆయన క్యాంపులో జ్వరంతో పడుకుని "ఖైరియత్" అన్నాడు. వడ్డీ వసూలుకొచ్చినవాడు గుమ్మం దిగిన గంటకే ఆమె "సబ్ ఖైరియత్" అంది. ఒకరినొకరు నొప్పించకూడదనే ఇద్దరూ అలా అన్నారు. కానీ ఆ ఒక్క మాట వెనుక పద్నాలుగేళ్ళు దాగిపోయాయి.

దాచిన బాధ ఒంట్లో పలుకుతుంది

మనసు బాధ ఒంటిమీదికి వస్తుందన్న సంగతి మన పెద్దలకు కొత్త కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చించారు. కారణం తెలిసిన విచారం వేరు, కారణం తెలియని విచారం వేరు అని ఆనాడే విడదీసి చెప్పారు. ఇబ్ను సీనా ప్రేమవ్యాధి గురించి రాస్తూ, రోగి నాడి పట్టుకుని ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు చెబుతూ పోవాలన్నారు. ఏ పేరు దగ్గర నాడి ఎగిసిపడుతుందో అక్కడే వ్యాధి మూలం ఉందన్నమాట. రోగి నోరు చెప్పనిది నాడి చెబుతుంది.

దీన్ని ఒక చికిత్సా విధానంగా మలచినవాడు వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయన మిత్రుడు జోసెఫ్ బ్రాయర్ దగ్గరికి 1880లో ఒక యువతి వచ్చింది. జబ్బుపడిన తండ్రికి సేవ చేస్తూ చేస్తూ తానే మంచం పట్టింది. చేయి చచ్చుబడింది, మాట తడబడింది. తన మనసులో పేరుకున్నది వైద్యునికి చెప్పుకున్నకొద్దీ ఆమెకు ఉపశమనం కలిగేది. దీనికి 'మాటల వైద్యం' అని పేరు పెట్టింది వైద్యుడు కాదు, ఆమే. 1895లో ఫ్రాయిడ్, బ్రాయర్ కలిసి ఈ అనుభవాలను పుస్తకంగా వెలువరించారు. మనం భరించలేక మరచిపోయామనుకున్నవి మనసు అడుగున బతికే ఉంటాయని, అవే దడగా, నిద్రలేమిగా, కారణంలేని కోపంగా పైకి వస్తాయని ఫ్రాయిడ్ వాదించాడు. దానికే మనోవిశ్లేషణ అని పేరు. మన దేశంలో 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

వారానికి ఒకటి రెండుసార్లు, ఒకే సమయం, ఒకే చోటు. నలభై అయిదు, యాభై నిమిషాలు. వచ్చినవారు మనసులో ఏది మెదిలితే అది చెబుతారు. కల కావచ్చు, చిన్ననాటి సంగతి కావచ్చు, నిన్నటి తగాదా కావచ్చు. చికిత్సకుడు ఎక్కువగా వింటాడు. తీర్పు చెప్పడు, తప్పెవరిదో తేల్చడు.

మన కథలోని ఆయన అలాంటివారి ఎదుట కూర్చున్నాడనుకుందాం. చికిత్సకుడు ఏమన్నా ఆయన "జీ సర్" అంటాడు. కొన్ని వారాల తర్వాత చికిత్సకుడు మెల్లగా అడుగుతాడు: "మీరు నా ముందు కఫీల్ ముందు కూర్చున్నట్లు కూర్చుంటున్నారెందుకు?" ఆయన నవ్వుతాడు, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. పద్నాలుగేళ్ళు తలవంచిన మనిషి, ఇంటికొచ్చాక కొడుకు తన ముందు తలవంచాలని ఎందుకు కోరుకుంటున్నాడో అప్పుడు అర్థమవుతుంది. ఒకరిపట్ల గూడుకట్టుకున్న భావాన్ని తెలియకుండానే మరొకరిపైకి మళ్ళించడం మనసు స్వభావం. ఈ చికిత్సలో అది ఆ గదిలోనే బయటపడుతుంది, అక్కడే దాని గురించి మాట్లాడుకుంటారు.

ఇది పదిరోజుల మందు కాదు. జూన్‌లో నాటిన పసుపును జనవరి రాకముందే తవ్వే రైతు ఆర్మూరులో ఉండడు కదా! కొన్ని నెలలు, కొందరికి ఏళ్ళు పడుతుంది. కొద్ది నెలలకే పరిమితం చేసిన పద్ధతులూ ఉన్నాయి. అనేక పరిశోధనలను కలిపి చూసి 2017లో వెలువడిన ఒక సమీక్షలో, ఈ కోవకు చెందిన చికిత్సలు ఇతర ప్రామాణిక చికిత్సలతో సమానంగా పనిచేస్తున్నట్లు తేలింది.

పిల్ల పలకదెందుకు?

కూతురు తండ్రిని ద్వేషించడం లేదు. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసిన మనోవిశ్లేషకుడు జాన్ బౌల్బీ, ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ కన్నవారికి దూరమైన చిన్నపిల్లలను గమనించారు. ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాపపై రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా కూడా తీశాడు. తల్లి దూరమైన పసివాడు మొదట ఏడ్చి గోలచేస్తాడు. తర్వాత దిగులుపడి ముడుచుకుపోతాడు. చివరికి అంతా సర్దుకున్నట్లు కనిపిస్తాడు. పెద్దలు "అలవాటైపోయింది" అని సంతోషిస్తారు. నిజానికి అది అలవాటు కాదు, మళ్ళీ దెబ్బ తగలకుండా తలుపు వేసుకోవడం. తల్లి తిరిగొచ్చినా ముఖం తిప్పుకునేది అందుకే.

విమానాశ్రయంలో ప్రతిసారీ తండ్రిని సాగనంపిన పిల్ల కూడా అలా తలుపు వేసుకుని ఉండవచ్చు. చాక్లెట్లతో, సైకిలుతో ఆ తలుపు ఒక్కరోజులో తెరుచుకోదు. "నేను లేనప్పుడు నీకు కోపం వచ్చేదా బేటీ?" అని తండ్రి అడిగి, జవాబు చెడ్డదైనా వినగలిగితే తెరుచుకుంటుంది.

అందుకే కొన్నిచోట్ల భార్యాభర్తలను కలిపి, కొన్నిచోట్ల ఇంటిల్లిపాదినీ కలిపి కూర్చోబెడతారు. దడ ఆమెది కావచ్చు, కానీ జబ్బు నలుగురి మధ్యా ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను పిలిపించి, ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటే ఉండనిచ్చారు. ఇల్లు ఒక చోట, రోగి ఒక చోట అయితే నయం కాదన్నది ఆయన అనుభవం.

పరాయి గడ్డపై

వలస వెళ్ళినవారి బాధను ఇతర దేశాల్లోనూ గుర్తించారు. మొరాకో రచయిత తహర్ బెన్ జెల్లూన్ ఫ్రాన్సులో ఒంటరిగా బతుకుతున్న ఉత్తర ఆఫ్రికా కూలీలకు మానసిక చికిత్స చేశారు. శరీరంలో ఏ లోపమూ దొరకని రోగాలతో వచ్చేవారు వాళ్ళు. ఆ ఒంటరితనంపై 1977లో పుస్తకం వెలువరించారు. పారిస్ పక్కన బోబిన్యీలో, 1935లో ముస్లింల కోసం తెరిచిన ఆసుపత్రికి తర్వాత ఇబ్ను సీనా పేరు పెట్టారు. అక్కడ 1979లో టోబీ నాతాన్ వలస కుటుంబాల కోసం ప్రత్యేక విభాగం ప్రారంభించారు. కుటుంబం తన భాషలోనే మాట్లాడుతుంది, పక్కన దుబాసీ ఉంటాడు. వాళ్ళు జిన్ గురించి చెప్పినా, నజర్ గురించి చెప్పినా ఎగతాళి చేయకుండా వింటారు. నొప్పి ఏ భాషలో పుట్టిందో ఆ భాషలోనే బయటికి రావాలి.

మన సందేహాలు

"ఫ్రాయిడ్ మతాన్ని భ్రమ అన్నాడు కదా, అతని వైద్యం మనకెందుకు?" అని కొందరు అడుగుతారు. అన్నమాట నిజమే. ఆ అభిప్రాయం ఆయనది, దాన్ని ఒప్పుకోనక్కర్లేదు. వైద్యుని నమ్మకాలు వేరు, వైద్యం వేరు. కలలపై ఫ్రాయిడ్ రాసిన గ్రంథాన్ని 1958లో అరబీలోకి తెచ్చినవారు అలెగ్జాండ్రియాలో పుట్టిన ముస్తఫా సఫ్వాన్. నమాజు మానమని చెప్పడం మంచి చికిత్సకుని పని కాదు.

"ఇంటి గుట్టు బజారున పడదా?" సంప్రదించబడినవాడు అమానతుదారుడని మన ధర్మం చెబుతుంది. చట్టమూ అదే చెబుతోంది. 2018 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి విషయాలు గోప్యంగా ఉంచడం వైద్య సిబ్బంది బాధ్యత. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

"పిచ్చివాళ్ళమా మేము?" కాదు. కాలు విరిగినవాడు కట్టు కట్టించుకున్నట్లే ఇదీ.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చనిపోతానని పదేపదే అనడం, లేని గొంతులు వినిపించడం, తిండీ నిద్రా పూర్తిగా మానేయడం ఉంటే మాటల వైద్యం కోసం ఆగకూడదు. వెంటనే మానసిక వైద్యునికి చూపించాలి, మందులు వాడాలి. దడ వచ్చినా ముందు గుండె పరీక్ష చేయించుకోవాల్సిందే.

మనోవిశ్లేషణలో శిక్షణ పొందినవారు పెద్ద నగరాల్లోనే ఎక్కువ. కానీ తొలి అడుగుకు అంత దూరం పోనక్కర్లేదు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో వైద్యులున్నారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళేవారు, ఆయనకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో అడగాలి. అలా అడగడం అమర్యాద కాదు.

యాఖూబ్ (అ) కన్నీరు

ఇక ఆ అత్తగారి మాట దగ్గరికి వద్దాం. సబర్ గొప్ప సుగుణం. అయితే సబర్‌కు నిదర్శనంగా మనం చెప్పుకునే హజ్రత్ యాఖూబ్ (అ) ఏం చేశారు? దూరమైన యూసుఫ్ (అ) కోసం చూపు పోయేంతగా దుఃఖించారు. ఇంకా ఆ పేరే తలుస్తున్నావేమని ఆక్షేపించింది ఇంట్లోని కొడుకులే. ఆయన మాత్రం ఆ పేరు తలవడం మానలేదు, అల్లాహ్ ముందు తన వేదన వెళ్ళబోసుకోవడమూ మానలేదు. ఏడ్చినందుకు ఆయన సబర్ తరిగిపోలేదు. దుఃఖాన్ని నోట పలకడం సబర్‌కు విరుద్ధమైతే, ఒక ప్రవక్త కన్నీటిని దివ్యఖుర్ఆన్ మనకు చెప్పేదా?

సోదరులారా, సోదరీమణులారా! ఈ రాత్రి గల్ఫ్ నుంచి ఫోను వస్తే "ఖైరియత్" దగ్గర ఆగకండి. ఇంకొక్క ప్రశ్న అడగండి. తిరిగొచ్చినవారు మీ ఇంట్లో ఉంటే, ఆయన లేని ఏళ్ళలో ఏం జరిగిందో ఆయనకు చెప్పండి, అక్కడ ఏం జరిగిందో ఆయనను చెప్పనివ్వండి. మీ వల్ల కాకపోతే, వినడం నేర్చినవారి దగ్గరికి కలిసి వెళ్ళండి.

ఒకరి గొంతు మరొకరు వినగల హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.