రొమ్ము తీసేశాక మళ్లీ ఆకారం: టిష్యూ ఎక్స్‌పాండర్ గురించి మన ఇళ్లలో తెలియాల్సింది

రొమ్ము క్యాన్సర్ మాట వస్తే మన పద్మనగర్ ఇళ్లలో గొంతులు తగ్గిపోతాయి. ప్రాణం దక్కితే చాలు, మిగతావి ఎందుకు అనుకుంటాం. ప్రాణమే ముందు, నిజమే. కానీ తీసేసిన రొమ్ము చోట మళ్లీ ఆకారం తెచ్చే వైద్యం ఉందని, దాని గురించి ఆపరేషన్‌కు ముందే అడగాలని మన ఆడవాళ్లకు తెలియాలి.

ఇది ఎలా పనిచేస్తుంది?

రొమ్ము తీసేటప్పుడు చాలాసార్లు కొంత చర్మం కూడా పోతుంది. మిగిలిన చర్మం బిగుతుగా ఉండి, కింద ఇంప్లాంట్ పట్టేంత చోటు ఉండదు. ఆ చోటు చేయడానికి పెట్టేదే టిష్యూ ఎక్స్‌పాండర్. ఇది సిలికాన్‌తో చేసిన సంచి. దీన్ని ఛాతీ కండరం కిందో, పైనో అమరుస్తారు. గాయం మానాక, మామూలుగా రెండు మూడు వారాలకు, చర్మం మీదుగా సూదితో సెలైన్ ఎక్కించడం మొదలుపెడతారు. వారానికో, రెండు వారాలకో ఒకసారి కొద్దికొద్దిగా నింపుతారు. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట చర్మం సాగినట్టే ఇక్కడా మెల్లగా సాగుతుంది. కావలసినంత సాగాక మరో ఆపరేషన్ చేసి, సంచి తీసేసి శాశ్వత ఇంప్లాంట్ పెడతారు. మొత్తానికి కొన్ని నెలలు పడుతుంది.

చర్మాన్ని ఇలా సాగదీయడం కొత్త సంగతి కాదు. 1957లోనే అమెరికాలో చార్లెస్ న్యూమాన్ అనే డాక్టర్ చెవిని సరిచేయడానికి రబ్బరు బుడగ వాడారు. 1970లలో చెడొమిర్ రాడోవన్ దీన్ని రొమ్ముకు తెచ్చారు.

జాగ్రత్తలు

నింపిన తర్వాత ఒకటి రెండు రోజులు బిగుతుగా, నొప్పిగా ఉండవచ్చు. జ్వరం వచ్చినా, ఛాతీ ఎర్రబడినా, వాచినా, చీము కారినా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఇన్ఫెక్షన్ ముదిరితే సంచి తీసేయాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవారికి, పొగాకు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. రేడియేషన్ అవసరమైన వారిలోనూ ఇబ్బందులు పెరుగుతాయి, అందుకే కొందరికి వీపు నుంచో పొట్ట నుంచో సొంత కండ తీసి రొమ్ము చేయడం మేలంటారు. చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది. ఎమ్మారై తీయమంటే ముందుగా ఆ సంగతి చెప్పి తీరాలి. డాక్టర్ సరే అనేదాకా నీళ్ల బిందెలు, గుడ్డ తాన్లు ఎత్తకూడదు.

మన ఊరి లెక్క

1941 నుంచి నడుస్తున్న పరేల్‌లోని టాటా మెమోరియల్ మనకు అందుబాటులో ఉన్న పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి. కానీ భివండి నుంచి కల్యాణ్‌కో ఠాణేకో చేరి, అక్కడ లోకల్ ఎక్కి పోవాలి. నింపడానికి పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవారిదీ పోతుంది. కాబట్టి ఎన్నిసార్లు రావాలి, నింపడం మాత్రం దగ్గర్లో చేయించుకోవచ్చా అని ముందే అడగాలి. మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజనలో క్యాన్సర్ వైద్యానికి సాయం ఉంది. ఎక్స్‌పాండర్, ఇంప్లాంట్ ఖర్చు అందులోకి వస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోవాలి.

ఇంకొక మాట. మన పెద్దమ్మలకు, అత్తమ్మలకు తెలుగే వస్తుంది, డాక్టర్ మరాఠీలోనో హిందీలోనో చెబుతారు. మధ్యలో కొడుకో అల్లుడో సిగ్గుపడి సగమే చెప్పి, అవసరం లేదని వాళ్లే తేల్చేస్తారు. అలా కాకుండా కూతురినో కోడలినో వెంట తీసుకెళ్లండి. ప్రతి మాటా ఆమెకు తెలుగులో చెప్పండి.

రొమ్ము మళ్లీ చేయించుకుంటే క్యాన్సర్ తిరగబెడుతుందన్న భయం అక్కర్లేదు. ఇప్పుడే చేయించుకోవాలనీ లేదు, చాలామందికి ఏళ్ల తర్వాతా వీలవుతుంది. వద్దనుకుని, లోదుస్తుల్లో పెట్టుకునే కృత్రిమ రొమ్ముతో సరిపెట్టుకున్నా తప్పు లేదు. అయితే అవునన్నా కాదన్నా ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి.