వితంతువులకు మగ్గం చూపిన సురయా

కవిటి : పండగ వచ్చిందంటే ఉద్దానం ఆడవారు సోంపేటకో ఇచ్ఛాపురానికో వెళ్లి చీరలు కొనుక్కుంటారు. ఆ బట్ట నేసిందెవరో, నేసినవారికి దక్కిందెంతో కొట్టువాడు చెప్పడు, కొన్నవారు అడగరు. ఈ రెండు సంగతులూ పట్టించుకుని బట్టల వ్యాపారం నడిపిన మహిళ ఒకరు హైదరాబాదులో ఉండేవారు. ఆమె పేరు సురయా హసన్ బోస్.

ఆమె 1928లో జన్మించారు. స్వదేశీ పట్టుదల గల కుటుంబం. తండ్రి సోదరుడు అబిద్ హసన్ సఫ్రానీ 1943లో నేతాజీ వెంట జలాంతర్గామిలో ప్రయాణించిన మనిషి. ‘జై హింద్’ నినాదం ఆయనదేనంటారు. సురయా మొదట హైదరాబాదు కుటీర పరిశ్రమల దుకాణంలో ఉద్యోగం చేశారు. పుపుల్ జయకర్ పిలుపుపై ఢిల్లీ వెళ్లి చేనేత, హస్తకళల ఎగుమతి సంస్థలో చేరారు. నేతాజీ అన్నకుమారుడు అరవిందో బోస్‌ను వివాహమాడారు.

తిరిగి హైదరాబాదు వచ్చి సొంత వ్యాపారం పెట్టారు. నూలుకు ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆపైన నేసే ఇక్కత్ బట్టను గజాల లెక్కన తయారు చేయించి ఫ్యాబిండియాకు పంపారు. ఆ కంపెనీని 1960లో స్థాపించినది జాన్ బిసెల్ అనే అమెరికా దేశస్థుడు. చీరలకు, రుమాళ్లకు పరిమితమైన నేత ఆ విధంగా చొక్కాలకు, పరదాలకు కూడా ఎక్కింది.

అంతకంటె పెద్ద పని మరొకటి ఉంది. నవాబుల షేర్వానీలకు వాడిన హిమ్రూ, ఒంటికి తగిలే వైపు నూలు, పైకి పట్టు కనిపించే మష్రూ బట్టల నేత దాదాపు అంతరించే దశకు వచ్చింది. ఆమె హైదరాబాదు శివార్లలోని హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర మగ్గాలు వేయించి, ఆ నేతను నేర్పించారు. మగ్గాల మీద కూర్చున్నవారిలో ఎక్కువమంది భర్తలు పోయిన ఆడవారే. అంతకుముందు మగ్గం ముట్టనివారు పోగు లెక్క తప్పకుండా నేయడం నేర్చుకున్నారు. ఇంటి మగదిక్కు పోతే ఏమవుతుందో కిడ్నీ జబ్బు చూసిన ఉద్దానానికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ అటువంటి ఆడవారు ఎందరో జీడిపిక్కల పనికీ, కొబ్బరి పీచు పనికీ పోతున్నారు.

మగ్గాల చెంతనే ఆమె సఫ్రానీ పేరిట బడి పెట్టించారు. నేతపని చేసే తల్లుల పిల్లలు అక్కడ చదువుకున్నారు. వ్యాపారికి బడితో ఏమి పని అని అడగవచ్చు. తల్లి నిశ్చింతగా మగ్గం మీద కూర్చోవాలంటే పిల్లవాడు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి కదా!

మన జిల్లా పొందూరులోనూ వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికేది ఆడవారే. ఆ ఖద్దరు ఊరి పేరుతో అమ్ముడవుతుంది గాని, వడికిన మనిషి పేరుతో కాదు.

సురయా 2021 సెప్టెంబరులో హైదరాబాదులో కన్నుమూశారు.